ముక్కొమ్ముల మీద మీ ఉత్తరాలు

పోయిన నెల ఖడ్గమృగం గురించి రాస్తూ చివర్లో ఒక్క ముక్క జారవిడిచాను: మూడు కొమ్ముల రాక్షసబల్లి ట్రైసెరాటాప్స్ కథ వేరు, అది ఇంకోసారి చెప్పుకుందాం అని. ఆ ఒక్క ముక్కకే ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. నలభై ఏళ్ల కిందట ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పేటప్పుడు ఇన్ని ప్రశ్నలు పడి ఉంటే పాఠం ఎప్పటికీ పూర్తయ్యేది కాదు. ఒకేలా ఉన్నవాటిని కలిపేసి, ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చేస్తున్నాను. కుక్కకు పేలు పట్టాయని రాసినాయన వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి.

ప్ర: అమ్మమ్మ గారికి నమస్కారం. నేను ఏడో తరగతి. ట్రైసెరాటాప్స్ ఖడ్గమృగానికి ముత్తాత అని మా మామయ్య చెప్పాడు. స్లిప్ టెస్టులో అదే రాస్తే సార్ మార్కు కూడా వేశారు. కానీ నాకు డౌటుగానే ఉంది. (తాడేపల్లిగూడెం)

జ: మార్కు పడ్డాక కూడా డౌటు మిగిలిందంటే నువ్వు బాగుపడతావు బాబూ. మామయ్యదీ తప్పే, సార్‌దీ తప్పే. వాళ్లతో గొడవ పెట్టుకోకు, ఈ పేజీ చూపించు చాలు.

ఖడ్గమృగం పిల్లకు పాలిచ్చే జంతువు, అంటే మన వైపు చుట్టం. ట్రైసెరాటాప్స్ రాక్షసబల్లి, సరీసృపాల వంశం. 6 కోట్ల 80 లక్షల ఏళ్ల కిందటి నుంచి 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందటి దాకా ఉత్తర అమెరికా పశ్చిమ భాగంలో తిరిగింది. ఆ తర్వాత దాని వంశంలో ఒక్కటీ మిగల్లేదు. ముత్తాత అనిపించుకోవాలంటే మనవలు ఉండాలి కదా! లావుపాటి ఒళ్లు, నాలుగు కాళ్లు, ముక్కు మీద కొమ్ము చూసి మీ మామయ్య పొరబడ్డాడు. ఆ కొమ్ము కూడా ఒకే రకం కాదు.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మాది చీరాల దగ్గర పల్లెటూరు. నాన్నకు ఒక జత ఒంగోలు ఎడ్లు ఉండేవి. అందులో దాపటి ఎద్దు పేరు సూరీడు. నాకు పదేళ్లప్పుడు వడ్ల బండి కాలవ గట్టు దిగుతూ పక్కకు ఒరిగింది. సూరీడి కొమ్ము తూము రాయికి కొట్టుకుంది. కొమ్ము విరిగిందనే అనుకున్నాం. చూస్తే ఇత్తడి కుప్పెతో సహా పైడొల్ల ఒక్కటే సాంతం ఊడి నేల మీద పడి ఉంది, గరాటులాగా. ఎద్దు తల మీద మాత్రం ఇంకో చిన్న కొమ్ము నిలబడే ఉంది. ఎర్రగా, తడిగా, దాని మీద సన్నటి గాళ్లు, ఆ గాళ్ల వెంబడి నెత్తురు. నాన్న పసుపూ వేపనూనే పెట్టి పాత పంచె చింపి చుట్టాడు. నేను ఆ డొల్లను కడిగి దాచుకున్నాను. తర్వాత 31 ఏళ్ల పాటు ప్రతి బ్యాచ్‌కూ దాన్ని క్లాసులో చూపించాను. ఇప్పటికీ బీరువాలో ఉంది.

ఎద్దు కొమ్ము అంటే రెండు. లోపల పుర్రెలోంచి పెరిగిన ఎముక, దాని మీద మన గోటి లాంటి పదార్థంతో తొడుగు. ఆ పదార్థం పేరు కెరటిన్. ఖడ్గమృగానికి లోపలి ఎముక లేదు, దాని కొమ్ము మొత్తం కెరటినే. ట్రైసెరాటాప్స్ ఈ విషయంలో ఖడ్గమృగం కంటే సూరీడికే దగ్గర. దానికి రెండు కళ్ల మీదా రెండు పొడుగు కొమ్ములు, ముక్కు మీద ఒక పొట్టిది. లోపల ఎముక, పైన తొడుగు. మట్టిలో కోట్ల ఏళ్లు పడి ఉంటే తొడుగు కుళ్లిపోతుంది, ఎముకే రాయిగా మారి మిగులుతుంది. ఆ రాతి ఎముక మీద నెత్తురు గొట్టాలు పోయిన గాళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి. నేను ఆ రోజు కాలవ గట్టున చూసినవే. మ్యూజియంలో కనిపించే మీటరు పొడుగు కొమ్ము కూడా సగం కథే అన్నమాట, బతికున్నప్పుడు తొడుగుతో కలిపి ఇంకా పొడుగ్గా ఉండేది.

ఇంకో తమాషా. దాని పిల్లలకు కొమ్ములు బుడిపెల్లా ఉండేవి. కాస్త ఎదిగాక వెనక్కి వంగేవి. పూర్తిగా పెద్దదయ్యాక ముందుకు తిరిగేవి. జాక్ హార్నర్, మార్క్ గుడ్విన్ అనే శాస్త్రజ్ఞులు చిన్నా పెద్దా పుర్రెలు వరసగా పెట్టి 2006లో ఈ సంగతి తేల్చారు. కోడెకీ ముసలి ఎద్దుకీ కొమ్ముల్లో తేడా సంతలో బేరగాడు దూరం నుంచే చెప్పేస్తాడు. ఇదీ అలాంటి లెక్కే.

ప్ర: మేడమ్, నేను డెన్వర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. మొదటి ట్రైసెరాటాప్స్ మా ఊళ్లోనే దొరికిందని ఇక్కడివాళ్లు గొప్పగా చెబుతారు. నిజమా, ఊరి గొప్పలా?

జ: నిజమే తమ్ముడూ. కాకపోతే దొరికినప్పుడు అది ట్రైసెరాటాప్స్ కాదు, దున్న!

1887లో డెన్వర్ దగ్గర జార్జ్ కానన్ అనే ఆయనకు నుదుటి ఎముకతో అతుక్కుని ఉన్న రెండు పెద్ద కొమ్ములు దొరికాయి. వాటిని యేల్ విశ్వవిద్యాలయంలో ఉన్న ఒత్నీల్ చార్ల్స్ మార్ష్‌కు పంపారు. ఆ రోజుల్లో పాత ఎముకల విషయంలో అమెరికాలో ఆయన మాటకు తిరుగులేదు. కొమ్ములు చూశాడు, ఏదో పెద్ద అడవిదున్నవి అనుకున్నాడు, బైసన్ ఆల్టికార్నిస్ అని పేరు కూడా పెట్టేశాడు. ఇందాక సూరీడి సంగతి అంత సాగదీసింది ఇందుకే. ఎముక కొమ్ము చూస్తే ఎవరికైనా ముందు పశువే గుర్తొస్తుంది. మార్ష్‌ను చూసి నవ్వబుద్ధి కాదు నాకు.

మరుసటి ఏడాది మీ పక్క రాష్ట్రం వ్యోమింగ్‌లో పశువులు కాసే అతనొకడు వాగు ఒడ్డున మట్టిలోంచి పొడుచుకొచ్చిన కొమ్ము చూశాడు. తాడు విసిరి ఉచ్చు బిగించి లాగితే కొమ్ము విరిగి చేతికొచ్చింది. మార్ష్ దగ్గర పనిచేసే జాన్ బెల్ హాచర్ కంట ఆ ముక్క పడింది. వెళ్లి తవ్వితే మూడు కొమ్ముల పుర్రె, మెడ వెనక చేటలా లేచిన ఎముక పలకతో సహా బయటపడింది. దున్న కాదని మార్ష్‌కు అప్పుడు తెలిసొచ్చింది. 1889లో ట్రైసెరాటాప్స్ అని పేరు పెట్టాడు. గ్రీకులో మూడు కొమ్ముల ముఖం అని అర్థం. హాచర్ ఆ తర్వాత మూడు నాలుగేళ్లలో ఇలాంటి కొమ్ముల జాతి పుర్రెలు ముప్పైకి పైగా తవ్వి తీశాడు. పేరు మార్ష్‌కు వచ్చింది, నడుములు పడిపోయింది హాచర్‌కు. టైఫాయిడ్ వచ్చి 1904లో చిన్న వయసులోనే పోయాడు.

మీ ఊరి పక్కన థార్న్‌టన్‌లో 2017లో పోలీసులకూ ఫైర్ వాళ్లకూ భవనం కడుతూ పునాదులు తవ్వితే ఒక కొమ్ముల రాక్షసబల్లి బయటపడింది, గుర్తుండే ఉంటుంది. ముందు ట్రైసెరాటాప్స్ అన్నారు. శుభ్రం చేసి చూశాక టోరోసారస్ అన్నారు. ఆ రెంటికీ ఉన్న పేచీ కింది ఉత్తరంలో.

ప్ర: అసలు ట్రైసెరాటాప్స్ అనే జంతువే లేదని శాస్త్రజ్ఞులు తేల్చేశారట, ఫ్యామిలీ గ్రూపులో వచ్చింది. మరి మీరు ఉన్నట్టే రాస్తున్నారేమిటి? (హైదరాబాద్)

జ: మీ గ్రూపులో వచ్చినది తలకిందులుగా వచ్చింది.

టోరోసారస్ అనే ఇంకో కొమ్ముల రాక్షసబల్లి ఉంది. దానికీ 1891లో పేరు పెట్టింది మార్షే. చూడ్డానికి ట్రైసెరాటాప్స్ లాగే ఉంటుంది కానీ మెడ వెనక పలక ఇంకా పెద్దది, పలచన, అందులో రెండు పెద్ద కంతలు. ట్రైసెరాటాప్స్ పలకకు కంతలుండవు, మొత్తం గట్టి ఎముక. 2010లో అమెరికాలోని మోంటానా రాష్ట్రానికి చెందిన జాన్ స్కానెల్లా, జాక్ హార్నర్ ఒక మాట అన్నారు: ఇవి రెండు జంతువులు కావు, ట్రైసెరాటాప్స్ బాగా ముదిరితే పలక పలచబడి కంతలు పడతాయి, దాన్నే మనం టోరోసారస్ అంటున్నాం అని. ఈ వార్త పత్రికల్లోకి ఎక్కేసరికి "ట్రైసెరాటాప్స్ లేదట" అయిపోయింది. పిల్లలు ఏడ్చారు, పెద్దవాళ్లు కోప్పడ్డారు.

నిజానికి ఒక జంతువుకు రెండు పేర్లుంటే ముందు పెట్టినదే నిలుస్తుంది, ఇది జంతుశాస్త్రంలో నియమం. 1889 ముందా, 1891 ముందా? వాళ్ల మాటే నెగ్గినా చెరిగిపోయేది టోరోసారస్ పేరే. పైగా ఆ మాట అందరూ ఒప్పుకోలేదు. 2012లో యేల్ నుంచి లాంగ్రిచ్, ఫీల్డ్ అనే ఇద్దరు వయసును పట్టిచ్చే పుర్రెల అతుకులు పరీక్షించి, టోరోసారస్‌లలో కుర్రవీ ఉన్నాయి, ట్రైసెరాటాప్స్‌లలో ముసలివీ ఉన్నాయి అని చూపించారు. పిల్ల టోరోసారస్ ఉంటే అది ముసలి ట్రైసెరాటాప్స్ ఎలా అవుతుంది? నాకు ఈ వాదనే సబబుగా తోస్తుంది.

ప్ర: అమ్మా, మా బాబుకు నాలుగేళ్లు. ట్రైసెరాటాప్స్ బొమ్మ చేతిలో లేనిదే నిద్రపోడు. రోజూ దాంతో టీ రెక్స్ బొమ్మను కుమ్మించి చంపిస్తాడు. వీడికి ఇంత కోపమేమిటని నాకు టెన్షన్. నిజంగా అవి కొట్టుకునేవా? (నిజామాబాద్)

జ: టెన్షన్ పడకమ్మా, నాలుగేళ్ల మగపిల్లలందరూ ఎవరో ఒకర్ని చంపిస్తూనే ఉంటారు. మీవాడు న్యాయంగానే చేస్తున్నాడు, ఆకులు తినేదాన్ని గెలిపిస్తున్నాడు.

ట్రైసెరాటాప్స్, మాంసం తినే రాక్షసబల్లి టీ రెక్స్, రెండూ ఒకే కాలంలో ఒకే చోట ఉన్న మాట నిజం. మోంటానా, డకోటాల్లో హెల్ క్రీక్ అనే రాతిపొరల్లో రెండింటి ఎముకలూ దొరుకుతాయి. ఒక ట్రైసెరాటాప్స్ తుంటి ఎముక మీద టీ రెక్స్ పళ్ల గాట్లు యాభైకి పైగా ఉన్నాయి. అవి మానిన గుర్తులు లేవు, అంటే అప్పటికే అది చచ్చిపోయి ఉండాలి, లేదా అప్పుడే చచ్చిపోయి ఉండాలి. ఇంకోదానికి కంటి పైకొమ్ము చివర కొరికేసి ఉంది. అక్కడ మాత్రం ఎముక మళ్లీ పెరిగి మొద్దుబారింది. అంటే టీ రెక్స్ మీద పడింది, కొమ్ము కొరికింది, అయినా ట్రైసెరాటాప్స్ బతికి బయటపడింది! మీవాడికి ఈ రెండోది మాత్రం చెప్పు.

కానీ కొమ్ములు ఉన్నది టీ రెక్స్ కోసమేనా అంటే, నేను కాదంటాను. మన పశువులను చూడు. ఎద్దుకు కొమ్ములెందుకు? పులిని పొడవడానికా? మా ఊళ్లో పులి మొహం చూసిన ఎద్దు లేదు. తొట్టి దగ్గర పక్క ఎద్దును తోసేయడానికి, మందలో నేనే మొనగాణ్ణని చూపించడానికి. కొమ్ములో కొమ్ము మెలేసి నెట్టుకుంటాయి, ఒకటి తల తిప్పి తప్పుకుంటే పోట్లాట అయిపోయినట్టే. ట్రైసెరాటాప్స్‌లూ అలాగే చేసేవా అని ఆండ్రూ ఫార్కే అనే శాస్త్రజ్ఞుడు చూడాలనుకున్నాడు. ఏం చేశాడో తెలుసా? పుర్రెలకు చిన్న నమూనాలు చేసి రెండు చేతులతో ఒకదానితో ఒకటి కొమ్ములు మెలేసి చూశాడు. అచ్చం మీవాడు చేసే పనే! కొమ్ములు చక్కగా కలిసి బిగుసుకున్నాయి. అలా బిగుసుకుంటే ఎదుటిదాని కొమ్ము మొన ఎక్కడ గుచ్చుకుంటుందో కూడా తెలిసింది. తర్వాత 2009లో ఆయనా, సహచరులూ చాలా పుర్రెలు పరీక్షిస్తే మెడ పలక పక్క ఎముకల మీద, సరిగ్గా అలాంటి చోట, మానిన పుండ్లు కనిపించాయి. కళ్ల మీద పొడుగు కొమ్ములు లేని దగ్గర చుట్టం సెంట్రోసారస్ పలకల మీద ఆ పుండ్లు చాలా తక్కువ.

అందుకని ఇంకో ట్రైసెరాటాప్స్ బొమ్మ కొనిపెట్టు. రెండూ తలలు ఆనించి నెట్టుకోవడం నేర్పు. ఒకటి ఓడిపోయి మేతకు పోవాలి, చావకూడదు.

ప్ర: రోజుకు ఎన్ని కిలోల పచ్చగడ్డి తినేదండీ? మాకు పది గేదెలున్నాయి, మేత బాధ మాకు తెలుసు. (ఒక రైతు, మార్కాపురం)

జ: అయ్యా, మీ ప్రశ్న చదివి చాలాసేపు నవ్వుకున్నాను. ఒళ్లు చెబుతాను, మేత మీరే ఊహించుకోండి. ముక్కు నుంచి తోక దాకా 8, 9 మీటర్లు, అంటే ఆర్టీసీ బస్సులో ముప్పాతిక. బరువు 5 నుంచి 9 టన్నులు. పెద్దదాని తలకాయ ఒక్కటే రెండున్నర మీటర్లు, మా వీధి తలుపులోంచి నిలువుగా కూడా పట్టదు.

గడ్డి మైదానాలు అప్పటికి ఇంకా లేవు. తల నేలకు దగ్గరగా ఉండేది కాబట్టి అందిన పొట్టి మొక్కలు తినేది, ఫెర్న్‌లూ, ఈతచెట్టు వాలకంలో ఉండే సైకాడ్‌లూ, అలాంటివి. మూతి ముందు పళ్లు లేవు, చిలక ముక్కు లాంటి ముక్కు ఉంది, దాంతో తెంపేది. అసలు పనితనం లోపలి పళ్లది. దవడలో ఒక్కో వైపు 36 నుంచి 40 వరసలు, ఒక్కో వరసలో మూడు నుంచి ఐదు పళ్లు ఒకదాని కింద ఒకటి. పైది అరిగితే కిందది సిద్ధం, చచ్చేదాకా కొత్త పళ్లు వస్తూనే ఉండేవి. నోట్లో మొత్తం లెక్కేస్తే చిన్నదానికి 400 పైన, పెద్దదానికి 800 దాకా. మీ గేదె దవడ పక్కకు ఆడించి రుబ్బుతుంది. ఇది రుబ్బేది కాదు, పై వరసా కింది వరసా అడకత్తెరలా పడి కత్తిరించేవి. 2015లో ఆ పళ్లను పలచగా కోసి చూస్తే ఐదు రకాల పొరలు కనిపించాయి. గుర్రానికి నాలుగే. మామూలు సరీసృపాలకు రెండు. ఒక్కో పొర ఒక్కో వేగంతో అరిగి పంటికి తనంతట తానే పదును వచ్చేది. సానపట్టే పని లేని కొడవలి అనుకోండి.

ప్ర: మన తెలుగు గడ్డ మీద కొమ్ముల రాక్షసబల్లులు లేవా? (మంచిర్యాల, వరంగల్, కాకినాడ నుంచి ముగ్గురు ఇదే అడిగారు)

జ: ట్రైసెరాటాప్స్ ఇక్కడ లేదు, ఉండే దారీ లేదు. అది అమెరికాలో మేస్తున్న కాలానికి మన దేశం ఆసియాకు ఇంకా అతుక్కోలేదు, సముద్రం మధ్యలో పెద్ద దీవిగా ఉత్తరానికి జరుగుతోంది. పైగా మన దగ్గర అప్పుడు భూమి నోరు తెరిచి లావా కక్కుతోంది. ఆ దక్కన్ లావా రాజమండ్రి దాకా వచ్చింది. కాతేరు, పంగిడి క్వారీల్లో కొట్టే నల్లరాయి అదే. కాకినాడ పాఠకుడు మేడ కట్టుకుని ఉంటే ట్రైసెరాటాప్స్ కాలపు రాయి ఆయన పునాదిలో ఉన్నా ఉండొచ్చు.

మంచిర్యాల వాళ్లకు వేరే సొత్తు ఉంది. పాత ఆదిలాబాద్ జిల్లా యామనపల్లి దగ్గర కోట అనే పేరున్న రాతిపొరల్లో దొరికిన కోటసారస్. పొడుగు మెడ, ఆకులు తినేది, కొమ్ములు లేవు, ట్రైసెరాటాప్స్ కంటే పది కోట్ల ఏళ్లకు పైగా ముందుది. దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టి ఉంది, పిల్లల్ని తీసుకెళ్లండి.

కొమ్ములే కావాలంటే మధ్యప్రదేశ్ పోవాలి. అక్కడి సాత్పుడా ప్రాంతపు డెన్వా అనే రాతిపొరల్లో శృంగసారస్ ఇండికస్ దొరికింది. కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన శారదీ సేన్‌గుప్తా, శాశ్వతీ బంద్యోపాధ్యాయ్, అర్జెంటీనా శాస్త్రజ్ఞుడు మార్టిన్ ఎజ్కుర్రా 2017లో దాని సంగతి ప్రకటించారు. శృంగం అంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు కదా. ఇది రాక్షసబల్లి కాదు, వాటి కంటే పాత సరీసృపాల్లో ఒకటి, సుమారు 24 కోట్ల ఏళ్ల కిందటిది. పొడుగు 3, 4 మీటర్లు, ఆకుల్లాంటి పళ్లు, కళ్ల మీద పైకీ ముందుకూ లేచిన రెండు కొమ్ములు. ట్రైసెరాటాప్స్‌తో చుట్టరికం ఏమీ లేకుండానే, ఇంకో పదిహేడు కోట్ల ఏళ్ల తర్వాత రాబోయే కొమ్ముల్ని ఇది ముందే మొలిపించుకుంది.

ఒకేచోట కనీసం ఏడు జంతువుల ఎముకలు దొరికాయి, చిన్నవీ పెద్దవీ. అందులో ఒక పెద్దదానికి అసలు కొమ్ములే లేవు. అది ఆడది అయి ఉండొచ్చని వాళ్లు రాశారు. మగవాటికే కొమ్ములుంటే, వాటి పని పులుల్లాంటివాటిని పొడవడం కాదు, సాటి మగవాటితో తేల్చుకోవడమే అని కూడా. నిజామాబాద్ అమ్మాయికి నేను చెప్పిన మాటే. ఇది చదివిన రోజు బీరువా తీసి సూరీడి డొల్ల ఒకసారి చేతిలోకి తీసుకున్నాను, ఎందుకో నాకే తెలియదు.

ప్ర: మళ్లీ నేనే అమ్మమ్మా. ట్రైసెరాటాప్స్‌కు తెలుగు పేరు పెట్టండి. మా క్లాసులో సగం మందికి నోరు తిరగడం లేదు. (తాడేపల్లిగూడెం, ఏడో తరగతి)

జ: త్రిశృంగి అనొచ్చు, బాగుంటుంది, కానీ పరీక్ష పేపర్లా ఉంటుంది. మూడు కన్నులవాడు ముక్కంటి అయితే మూడు కొమ్ములది ముక్కొమ్ము కావాలి. దాని ముక్కు మీద కూడా కొమ్ము ఉంది కాబట్టి తప్పు విన్నవాడికి కూడా ఒప్పే వినిపిస్తుంది. మీ సార్‌ను అడిగి చూడు. ఒప్పుకోకపోతే రీసెస్‌లో అయినా పిలుచుకోండి.